వ్యక్తి ప్రవర్తన – సమాజం పాత్ర

(మన సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. బి.ఎడ్.లో చదువుకున్న సమాజశాస్త్రం నుంచి ఒక సంగతి చెబుతాను. దానికి ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం నా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చి నిద్రపోయేవాడు. హోంవర్కు చేసేవాడు కాదు. ఒకరోజు అందరి ముందూ "నీ అంత బద్ధకస్తుణ్ణి నా సర్వీసులో చూడలేదు" అన్నాను. పిల్లలు నవ్వారు. సంక్రాంతి సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. ఇంటికి వెళితే అసలు విషయం తెలిసింది. తండ్రి పరంజా మీద నుంచి పడి మంచాన ఉన్నాడు. అబ్బాయి అర్ధరాత్రి దాకా హోటల్లో గిన్నెలు కడుగుతున్నాడు. నేను బద్ధకం అనుకున్నది నిజానికి అలసట.

అమెరికా సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో రాసిన పుస్తకంలో ఒక ముఖ్యమైన తేడా చూపించాడు. లక్షమంది ఉన్న ఊళ్లో ఒక్కడికే పని లేకపోతే అది అతని సొంత కష్టం. అతని స్వభావం, నైపుణ్యం చూడాలి. పనిచేసే ఐదు కోట్లమందిలో కోటిన్నర మందికి పని లేకపోతే అది సమాజ సమస్య. అప్పుడు ఒక్కొక్కరినీ తప్పుపట్టి లాభం లేదు.

ఇప్పుడు మన సంగతి చూడండి. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. అంతమంది పిల్లలు ఒకేసారి బద్ధకస్తులైపోతారా?

ఈ ఆలోచన మనకు కొత్త కాదు. 1332లో తూనిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో ఒక రోజు తిండి గురించే లెక్క వేశాడు. గోధుమలు విసరాలి, పిండి కలపాలి, రొట్టె కాల్చాలి. వాటికి కావలసిన సామాను కమ్మరి, వడ్రంగి, కుమ్మరి చేయాలి. ఒక్కడుగా ఎవడూ ఒక ముద్ద కూడా తినలేడు. మనుషుల్ని కలిపి ఉంచే ఆ బంధాన్ని ఆయన 'అసబియ్యత్' అన్నాడు. తర్వాత 1897లో ఫ్రాన్స్‌లో ఎమిల్ డర్క్‌హైమ్ ఆత్మహత్యల లెక్కలు పరిశీలించాడు. పూర్తిగా సొంత నిర్ణయం అనిపించే ఆ పని కూడా కుటుంబంతో, మత సమాజంతో బంధం గట్టిగా ఉన్నచోట తక్కువగా ఉందని చూపాడు.

మరి సమాజం మనిషి లోపలికి ఎలా వస్తుంది? ఫ్రెంచి శాస్త్రవేత్త పియరీ బోర్దియూ ఇంటి వాతావరణం కూడా ఒక పెట్టుబడేనన్నాడు. మాట తీరు, పుస్తకాలు, పెద్దల చదువు డబ్బులాగే వారసత్వంగా వస్తాయి. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో పుస్తకాల తెలుగు ఎదుర్కొంటారు. తడబడితే మేము 'మందబుద్ధి' అంటాం.

ఆ పేరు పెట్టడంలోనే ప్రమాదం ఉంది. రాబర్ట్ మెర్టన్ 1948లో ఒక బ్యాంకు ఉదాహరణ చెప్పాడు. బాగా నడుస్తున్న బ్యాంకు మునిగిపోతుందని పుకారు పుడితే, అందరూ ఒక్కసారిగా వెళ్లి డబ్బు తీసేసుకుంటారు. బ్యాంకు నిజంగానే మునుగుతుంది. "వీడికి చదువు రాదు" అన్న మాట కూడా అంతే. పదిమందీ పదిసార్లు అంటే పిల్లవాడు నమ్ముతాడు, ప్రయత్నం మానేస్తాడు, చివరికి ఆ మాటే నిజమవుతుంది.

అయితే తప్పంతా సమాజానిదే, మనిషి చేతిలో ఏమీ లేదని నేను అనడం లేదు. అదే వీధిలో, అదే పేదరికంలో పుట్టి డాక్టరైన పిల్లలున్నారు. కానీ వారి కథ వినండి: ఒక మేనమామో, ఒక టీచరో, ఫీజు కట్టిన ఒక పెద్దమనిషో తప్పక కనిపిస్తారు. పట్టుదల పిల్లవాడిదే. కాలు మోపడానికి చోటిచ్చింది ఇంకొకరు.

అందుకే దాతలకు ఒక మనవి. మన స్కాలర్‌షిప్ ఫారంలో మార్కుల గడి ఉంది, ఆదాయం గడి ఉంది. "బడి తర్వాత ఏదైనా పని చేస్తున్నావా?" అన్న గడి లేదు. 60 శాతం నిబంధన ఉన్నందువల్ల ఆ అబ్బాయికి ఫారం కూడా నేను ఇవ్వలేదు. మార్కులు వచ్చినవారికి బహుమతి ఇవ్వండి, అది న్యాయమే. కానీ నిధిలో కొంత భాగం మార్కులు రానివారికి, ఎందుకు రాలేదో ఇంటికి వెళ్లి కనుక్కున్న తర్వాత కేటాయించండి. సాయంత్రం రెండు గంటలు చదువుకునే చోటు, తెలుగు చెప్పే ఒక మనిషి, ఇల్లు గడవక పనికి వెళ్లే పిల్లవాడి కుటుంబానికి నెలకింత ఆసరా, ఇవి చాలు. జకాత్‌కు అర్హులెవరో తేల్చడానికి మనం ఎలాగూ విచారిస్తాం. ఆ విచారణలో పిల్లల బడి సంగతి కూడా అడుగుదాం.

ఆ అబ్బాయి మళ్లీ బడికి రాలేదు. నేను క్షమాపణ చెప్పాను. వాడు "పర్లేదు సార్" అన్నాడు. పర్లేదు అనుకోవడం నాకు మాత్రం ఇప్పటికీ చేతకావడం లేదు. వచ్చే ఏడు ఫారంలో ఆ ఒక్క గడి చేరితే నాకదే చాలు.