కెమెరా, కాలింగ్ బెల్ ఒకే గూటికి

ఇంటి కెమెరా ఒక యాప్‌లో, వీడియో కాలింగ్ బెల్ ఇంకో యాప్‌లో ఉంటే, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఆ రెండింటినీ కలిపేది హోమ్ అసిస్టెంట్. 2013లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. అందులో అమర్చుకుంటే, బెల్ నొక్కగానే వరండా లైటు వెలుగుతుంది. గుమ్మంలో ఎవరున్నారో ఫోన్‌లో కనిపిస్తుంది.

కొనేముందు ముఖ్యంగా చూడాల్సింది ఆన్‌విఫ్ (ONVIF) అనే ఉమ్మడి ప్రమాణం. అది ఉంటే వేర్వేరు కంపెనీల కెమెరాలైనా సులువుగా కలుస్తాయి.

ఇక బిగింపు సంగతి. ముత్తుకూరు లాంటి తీరప్రాంతంలో ఉప్పుగాలికి ఇనుప స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడాలి. వైరు అతుకులు నీరు చొరని డబ్బాలో ఉండాలి. కరెంటు పోయినప్పుడు కెమెరాతో పాటు రూటర్‌కూ ఇన్వర్టర్ కరెంటు అందాలి. కంపెనీ పెట్టిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చాలి. కెమెరా చూపు పక్కింటి వాకిలి మీద పడకూడదు.