ముసాయిదా చదివే మనిషి
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గన్నవరం విమానాశ్రయం చుట్టూ ఉన్న ఆకాశంతో మనకేం పని అని మీరడగవచ్చు. మా తమ్ముడి కొడుకు గుడివాడ దగ్గర వరి వేస్తాడు. డ్రోనుతో మందు కొట్టించాలంటే విమానాశ్రయం వాళ్ళ అనుమతి కావాలేమోనని వాడికి అనుమానం. "పెదనాన్నా, గవర్నమెంటు కాగితం చదవడం నీకు తెలుసు కదా" అన్నాడు. చదివాను.

2021 మార్చి 12న కేంద్రం డ్రోన్లకు నిబంధనలు ఇచ్చింది. ఫారాలే 25, ఫీజులు 72 రకాలు. అప్పట్లో పసుపు జోను, అంటే అనుమతితోనే ఎగరేయవలసిన ఆకాశం, విమానాశ్రయం ప్రహరీ నుంచి 45 కిలోమీటర్లు. గుడివాడ, నూజివీడు రెండూ అందులోకే వస్తాయి. ఈ బరువు మోయలేమని వాడేవారు, తయారుచేసేవారు మొరపెట్టుకున్నారు. జూలైలో కొత్త ముసాయిదా వచ్చింది. అభిప్రాయాలకు గడువు ఆగస్టు 5. ఆగస్టు 25న నిబంధనలు ఖరారయ్యాయి. ఫారాలు 5, ఫీజులు 4, పసుపు జోను 12 కిలోమీటర్లు!

ఇప్పటి లెక్క ఇది. ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల లోపు ఎరుపు జోను. కేంద్రం అనుమతి తప్పదు. 5 నుంచి 8 వరకు నేల మీద నుంచే ఏటీసీ అనుమతి కావాలి. 8 నుంచి 12 వరకు 200 అడుగుల ఎత్తు దాకా, ఆ దూరం దాటితే 400 అడుగుల దాకా, వేరే నిషేధం లేనిచోట జోను అనుమతి అక్కరలేదు. మావాడి పొలం 12 బయటే.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. సర్వీసులో ఉండగా ఒక ముసాయిదా ప్రకటన నా సీటుకు వచ్చింది. నోటీసు బోర్డుకు అంటించి, గడువు తీరగానే "అభ్యంతరములు రాలేదు" అని రాసి ఫైలు పైకి పంపాను. మర్నాడు ఒక ముసలి రైతు అర్జీ పట్టుకొచ్చాడు. "ఇప్పుడే తెలిసింది బాబూ" అన్నాడు. గడువు దాటిందన్నాను. రూలు ప్రకారం నాది తప్పు కాదు. ఆయన ముఖం మాత్రం ఇప్పటికీ మరువలేదు.

ముసాయిదా అంటే ఉత్తర్వు కాదు, మనల్ని అడగడం. అడిగినప్పుడు పలకకపోతే ఒప్పుకున్నట్లే లెక్క. మన దగ్గర తీరిక ఉంది, కాగితం చదివే అలవాటుంది. ప్రతి శాఖలో ఒక్కరు గెజెట్ చూసి, గడువు తేదీ ఊళ్ళో నలుగురికీ చెబితే చాలు. ఆ రైతు బాకీ కొంతైనా తీరుతుంది.