చదువుకొనే గంట ఎవరిది?

(పారిశ్రామికవాడలలోని తెలుగు ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన బెంగళూరులోని పీణ్య, బొమ్మసంద్ర, జిగణి వంటి పారిశ్రామికవాడలలో, మందుల కంపెనీలలో, రసాయన పరీక్షాశాలలలో డిప్లొమాతోనో బి.ఎస్సీ.తోనో చేరిన తెలుగువారు ఉన్నారు. ఏళ్లు గడిచేకొద్దీ పని చేతికి లొంగుతుంది, అనుభవం పెరుగుతుంది. కాని పై పదవి దగ్గరకు వచ్చేసరికి పట్టా అడ్డు నిలుస్తుంది. ఉద్యోగం మానుకొని చదువుకొందామంటే ఇల్లు గడవదు. అందువల్ల ఉద్యోగం చేస్తూనే, యాజమాన్యం తోడ్పాటుతో పట్టా పొందే మార్గాన్ని గురించి కొన్ని మాటలు మనవి చేయదలచాను.

ఈ మార్గం కొత్తది కాదు. పిలానీలోని బిట్స్ సంస్థ ఉద్యోగుల కోసం ఇటువంటి చదువులను 1979లోనే ప్రారంభించింది. అక్కడ దరఖాస్తుతోపాటు యాజమాన్యం సమ్మతి పత్రం కావాలి. పనిచేసే చోటనే ఒక అనుభవజ్ఞుడు మార్గదర్శిగా ఉండాలి. ఇంగ్లండులో 2015 నుంచి డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు నడుస్తున్నాయి. పరీక్షాశాలలో పనిచేసే శాస్త్ర సిబ్బందికి కూడా అందులో చోటుంది. ఏ నైపుణ్యాలు నేర్పాలో యాజమాన్యాల బృందమే ముందుగా నిర్దేశిస్తుంది. ఉద్యోగికి జీతం వస్తుంది, బోధన రుసుము అతనిపై పడదు. చదువుకు జీతమిచ్చే పనివేళలలోనే సమయం కల్పించాలన్నది అక్కడి నిబంధన.

అనువాదకుడిగా నాకు ఇక్కడ ఒక మాట గుర్తుకు వస్తుంది. అప్రెంటిస్ అనే మాటకు మన భాషలో అన్నిటికన్న దగ్గరగా ఉండేది ‘శిష్యరికం’. శిష్యరికంలో నేర్చుకోవడమూ పనిలో భాగమే. మన చట్టంలోనూ ఈ భావం ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టంలోని 10వ సెక్షను ప్రకారం, అప్రెంటిస్ తన శిక్షణకు సంబంధించిన తరగతులలో గడిపిన కాలాన్ని వేతనం లభించే పనికాలంగానే లెక్కించాలి.

అయితే ఆ రక్షణ ఆ చట్టం కింద అప్రెంటిస్‌గా ఉన్నవారికే. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి పట్టా కోసం చదివేవారికి అది వర్తించదు. వారి తరగతులు సాధారణంగా వారాంతాలలోనో, పని ముగిసిన తరువాతనో జరుగుతాయి. రాత్రి షిఫ్టు దిగి ఉదయం పాఠం వినేవారికి ఆ భారం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. చట్టం చెప్పని చోట ఒప్పంద పత్రమే మనకు ఆధారం.

కాబట్టి సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. చదువుకు, పరీక్షలకు పనివేళలలో ఎంత సమయం ఇస్తారు? రుసుము ఎవరు చెల్లిస్తారు, జీతంలో కోత ఉంటుందా? పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయానికి యు.జి.సి. గుర్తింపు ఉన్నదా? చదువు ముగిశాక ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలి, మధ్యలో మానితే ఎంత కట్టాలి?

చివరి ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు. ‘బాండు కాగితాలు కోర్టులో నిలవవు’ అని మిత్రులు చెబుతుంటారు. విజయా బ్యాంకు వ్యవహారంలో, మూడేళ్లు నిండకుండా ఉద్యోగం మానితే రెండు లక్షల రూపాయలు చెల్లించాలన్న షరతును సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. అన్ని బాండ్లూ ఒకటి కావు. అయినా చదవకుండా సంతకం చేయదగినది ఏదీ లేదు.

యాజమాన్యం పెట్టిన ఖర్చుకు ప్రతిఫలం ఆశించడం తప్పు కాదు. ఆ ప్రతిఫలమెంతో ముందుగా తెలుసుకోవడం ఉద్యోగి హక్కు. నోటిమాటగా ఇచ్చిన హామీ, ఇచ్చిన అధికారి బదిలీ అయితే ఆయనతోపాటే పోతుంది. కాగితంపై ఉన్నది నిలుస్తుంది. ఆ కాగితం ఆంగ్లంలో ఉంటే, అర్థం చెప్పగలవారిని పక్కన కూర్చోబెట్టుకొని ప్రతి షరతూ తెలుగులో విని, ఆ తరువాతనే కలం పట్టండి. ఒక్కరుగా అడగడానికి సంకోచమైతే నలుగురూ కలిసి అడగండి.

మీ చేతిలోని పనితనానికి తగిన పట్టా మీకు దక్కాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.