పూర్తి చేసుకోగలిగిన చికిత్స

తెలుగులో వైద్యం గురించి రాసేవాళ్లు, వైద్యులు, మందుల తయారీలో ఉన్నవాళ్లు కలిసి కూర్చోవడానికి జీడిమెట్ల కంటే తగిన చోటు లేదు. పక్కనే బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్ వచ్చాక ఈ ప్రాంతంలో బల్క్ డ్రగ్ పరిశ్రమ వేళ్లూనుకుంది. అక్కడ పనిచేసిన కెమిస్టుల్లో కొందరు తర్వాత సొంత కంపెనీలు పెట్టి హైదరాబాదు మందులను దేశదేశాలకు పంపారు. ఈ నగరానికి మరో గుర్తింపు కూడా ఉంది. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020లో వెలువరించిన నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలోకెల్లా ఎక్కువగా కనిపించింది హైదరాబాద్ జిల్లాలోనే. వయసు తేడాలను సర్ది లెక్కిస్తే లక్ష మంది స్త్రీలలో ఏటా 48 మందికి ఈ జబ్బు వస్తున్నట్టు ఆ నివేదిక తేల్చింది. చెన్నైలో ఆ సంఖ్య 42. మందులు చేసే ఊరు, జబ్బు ఎక్కువగా ఉన్న ఊరు ఒక్కటే అయినప్పుడు మనం చేయాల్సిన పరిశోధన ఏమిటన్నదే ఈరోజు నా ప్రశ్న. ఒక స్త్రీ మొదలుపెట్టిన చికిత్సను చివరిదాకా పూర్తి చేసుకోగలిగేలా దాన్ని కుదించే, చవక చేసే, వేళకు అందించే పరిశోధన మనకు ముందు కావాలి. కొత్త మందు కనిపెట్టడంతో సమానమైన శాస్త్రం అది అని నా వాదన.

మందుల చరిత్రలో మనవారి పాత్ర చిన్నది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజుల్లోనే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు తయారయ్యాయి. 1948లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకదాన్ని లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చి, జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గుతుందని చూపారు. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. అదే కుదురుకు చెందిన మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్ మీద పనిచేస్తుందని 1951లో జేన్ రైట్ గమనించారు. 1976లో మిలాన్ వైద్యుడు బొనడొన్నా దానికి మరో రెండు మందులు జోడించి, ఆపరేషన్ తర్వాత ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని నిరూపించారు. ఇవన్నీ పాత మందులు, చవకైన మందులు. అయినా 2010-14 మధ్య జబ్బు బయటపడిన స్త్రీలలో ఐదేళ్లు దాటి బతికినవారు అమెరికాలో 90 శాతం ఉంటే, మన దేశం నుంచి అందిన లెక్కల్లో 66 శాతమే. ఖరీదైన మందులు దొరకకపోవడం ఇందులో కొంత కారణం. పెద్ద కారణం మాత్రం మందుకు ముందూ వెనకా జరిగేవాటిలో ఉంది. మన రిజిస్ట్రీ నివేదికే చెబుతోంది, 57 శాతం స్త్రీలు గడ్డ చుట్టుపక్కలకు పాకాకే ఆస్పత్రికి వస్తున్నారు.

ఒక చిన్న సీసా సంగతి చెబుతాను. గడ్డ నుంచి ముక్క తీశాక గంటలోపు దాన్ని సరిపడా ఫార్మలిన్‌లో వేయాలి. కనీసం 6 గంటలు, మహా అయితే 72 గంటలు అందులో ఉంచాలి. ఆ తర్వాతే ల్యాబులో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉందో లేదో నమ్మకంగా తేలుతుంది. చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆ ముక్కను ఉప్పునీటిలో వేసి మర్నాడు పంపినా, సీసాలో ఫార్మలిన్ చాలకపోయినా, ఉన్న రిసెప్టర్ లేనట్టు రిపోర్టు రావచ్చు. ఆ ఒక్క తప్పుతో ఆ రోగికి టామాక్సిఫెన్ రాయరు. గర్భనిరోధక మందు కోసం వెతుకుతూ 1962లో ఇంగ్లండులో తయారుచేసిన ఈ బిళ్లను, రిసెప్టర్ ఉన్నవారు ఐదేళ్లు వాడితే పదిహేనేళ్లలో ఈ జబ్బుతో చనిపోయే ముప్పు మూడింట ఒక వంతు తగ్గుతుందని 2011లో అంతర్జాతీయ విశ్లేషణ తేల్చింది. ఖరీదు తక్కువైన ఈ బిళ్ల ఫార్మలిన్ సీసా దగ్గరే చేజారిపోతోంది. ఎన్ని ముక్కలు వేళకు సీసాలో పడుతున్నాయో జిల్లాల వారీగా కొలిచి, సరిదిద్ది, మళ్లీ కొలవడం కూడా పరిశోధనే. దానికి నోబెల్ రాకపోవచ్చు, ప్రాణాలు మాత్రం నిలుస్తాయి.

రేడియేషన్ దగ్గరకు వస్తే ఈ వాదన ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒకప్పుడు అయిదు వారాల పాటు రోజూ, మొత్తం 25 సార్లు ఇచ్చేవారు. కెనడా, బ్రిటన్ ప్రయోగాల తర్వాత అది మూడు వారాలకు తగ్గింది. 2020లో వెలువడిన ఫాస్ట్-ఫార్వర్డ్ ప్రయోగం నాలుగు వేల మందికి పైగా రోగులను పరిశీలించి, తొలి దశ జబ్బులో వారం రోజుల్లో అయిదు సార్లు ఇచ్చినా ఫలితం తీసిపోదని చూపింది. ఆసిఫాబాదు నుంచి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి వచ్చే స్త్రీకి ఇది అంకెల తేడా కాదు. తోడు వచ్చే భర్త అయిదు వారాల కూలి, నగరంలో అద్దె, ఊళ్లో పిల్లల్ని చూసుకునే మనిషి, ఇవన్నీ ఎన్ని వారాలన్న నిర్ణయంతో తేలిపోతాయి. ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు భరిస్తుంది. పోయిన కూలిని భరించదు. మన స్త్రీలలో చాలామందికి చంక గ్రంథుల దాకా జబ్బు పాకి ఉంటుంది కాబట్టి విదేశీ ఫలితాన్ని ఉన్నదున్నట్టు దించుకోలేం అన్న అభ్యంతరం సరైనదే. అందుకే మన దేశంలోనే, మన రోగుల మీదే పరీక్షించాలి. కోల్‌కతా టాటా మెడికల్ సెంటర్ అలాంటి ప్రయోగం చేపట్టింది. ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం ఆస్పత్రుల్లో ఉన్నంతమంది రోగులు ఏ దేశ పరిశోధకుడికైనా అరుదు.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. చవక చికిత్స కోసం పరిశోధన అంటే పేదలకు రెండో రకం వైద్యాన్ని ఖాయం చేయడమే కదా అని. చరిత్ర చూస్తే అలా లేదు. రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు కూడా తీసేసే హాల్‌స్టెడ్ ఆపరేషన్‌ను డెబ్బై ఎనభై ఏళ్లు వైద్యలోకం మంచి వైద్యంగా పాటించింది. గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు తగ్గదని శస్త్రవైద్యులు బెర్నార్డ్ ఫిషర్, వెరొనేసి నిరూపించారు. వారి ఇరవై ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. తగ్గించడం అప్పుడు ధనిక, పేద అందరికీ మేలే చేసింది. ఇటీవల మన దేశంలోనూ ఒక ఉదాహరణ ఉంది. టాటా మెమోరియల్ వైద్యులు ఆపరేషన్‌కు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ మామూలు లిగ్నొకైన్ మత్తుమందు ఇచ్చి, 11 కేంద్రాల్లో దాదాపు 1,600 మందిని పరిశీలించారు. ఐదేళ్లకు బతికి ఉన్నవారు 86 శాతం నుంచి 90 శాతానికి పెరిగారని 2023లో ప్రకటించారు. ఒక్క ప్రయోగంతో తృప్తిపడకూడదు, మళ్లీ చేసి చూడాలి. ఆ పని హైదరాబాదు ఎందుకు తలకెత్తుకోకూడదు? పేటెంటు లేని మందు మీద కంపెనీ డబ్బు పెట్టదు కాబట్టి ప్రభుత్వం, విశ్వవిద్యాలయాలు పెట్టాలి.

అలాగని కొత్త మందులను కాదనడం నా ఉద్దేశం కాదు. హెర్2 అనే రిసెప్టర్ ఎక్కువగా ఉన్న గడ్డల మీద 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ ఆ రకం జబ్బు తలరాతనే మార్చింది. కానీ దాన్ని ఏడాదిపాటు ఇవ్వాలన్న గడువు ఎక్కడిది? బ్రిటన్‌లో నాలుగు వేల మందితో జరిగిన పెర్సెఫొనీ ప్రయోగం ఆరు నెలలు చాలునంది, ఫ్రాన్స్ ప్రయోగం అంత ధైర్యంగా చెప్పలేకపోయింది. ఏడాది మందు కొనలేక మొత్తం మానేసే స్త్రీకి ఆరు నెలల మందు పెద్ద దిక్కు. మన దగ్గర దాన్ని పోలిన బయోసిమిలర్లు వచ్చాక ధర తగ్గింది, ఇంకా తగ్గాలి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్, హెర్2 అనే మూడు రిసెప్టర్లూ లేని రకం మన దేశంలో మూడో వంతుకు దగ్గరగా ఉంది. దానికి కొత్త మందులు కావాల్సిందే, ఇక్కడి ప్రయోగశాలలు వాటి వెంట పడాల్సిందే.

ఇక ఆస్పత్రికి ఆలస్యంగా రావడం సంగతి. ఆడవాళ్లు అజ్ఞానం వల్ల, సిగ్గు వల్ల ఆలస్యం చేస్తారన్న మాట వైద్యుల నోట తరచు వస్తుంది. నేను దాన్ని ఒప్పుకోను. ముంబయిలో లక్షన్నర మంది స్త్రీలతో ఇరవై ఏళ్లు నడిచిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో పరీక్షించారు. జబ్బు ముందుదశలోనే బయటపడింది. 50 దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో ఆ మేలు కనిపించలేదన్నదీ దాచకూడదు. ఇంటి గడప దాకా వెళ్తే స్త్రీలు పరీక్షకు ఒప్పుకున్నారన్నది దీని సారం. ఈ జీడిమెట్ల షెడ్లలో ప్యాకింగ్ పనిచేసే స్త్రీనే తీసుకోండి. క్యాన్సర్ వస్తే ఈఎస్ఐ పథకం రెండేళ్ల దాకా 80 శాతం వేతనం ఇవ్వగలదు. అయితే అంతకు ముందు రెండేళ్ల నిరంతర ఉద్యోగం, 156 రోజుల చందా ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఆ లెక్క తెగితే ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. ఆలస్యానికి మూలం ఇలాంటి చోట కూడా ఉంది.

ఈ సభలో ఉన్న రచయితలకు ఒక విన్నపం. ఏ రకం గడ్డ, ఏ దశ, ఏ చికిత్స ఎన్నాళ్లు, ఏది మధ్యలో ఆపకూడదు అన్న నాలుగు విషయాలను ప్రతి రోగి చేతికి తెలుగులో ఒక్క పేజీలో ఇచ్చే చీటీ మనం తయారు చేయాలి. ప్రయోగాల్లో చేరేవారి సమ్మతి పత్రాన్ని వారు చదివి అర్థం చేసుకునే తెలుగులో రాయాలి. వైద్యులు తప్పులు దిద్దండి, కంపెనీలు అచ్చు ఖర్చు భరించండి. ఈ రెండు రోజుల చర్చల్లోనే ఆ చీటీ మొదటి ముసాయిదా తయారుచేద్దాం రండి.