చివర్లో వచ్చేది ఎవరి కారు?



దయ్యాల సినిమాల గురించి ఈ మీటింగులో ఏం చెప్తావు సారూ అని ఇందాక ఒక పెద్దాయన నవ్వాడు. నవ్వొచ్చు. కానీ ఎవర్ని చూసి ఎవరు భయపడాలో జనానికి నేర్పేవాటిల్లో సినిమా ఒకటి. అందుకే దాని ముగింపును మనం చదవడం నేర్చుకోవాలి.

1968లో అమెరికాలో జార్జ్ రొమేరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. చచ్చినోళ్లు లేచి బతికున్నోళ్లను తింటుంటారు. ఒక ఇంట్లో చిక్కుకున్నవాళ్లను కాపాడాలని చూసేది బెన్ అనే నల్లవాడు. రాత్రంతా కొట్లాడి చివరికి ఒక్కడే మిగులుతాడు. తెల్లారి పోలీసులతో కలిసి తుపాకుల గుంపు వస్తుంది. కిటికీలో కనపడ్డ బెన్‌ను కాల్చేస్తారు. కొక్కేలతో ఈడ్చి మంటలో వేస్తారు.

శవమనుకొని కాల్చారా, నల్లవాడని కాల్చారా? సినిమా చెప్పదు. డ్వేన్ జోన్స్‌ను బాగా నటించాడనే తీసుకున్నాం, రంగు చూసి కాదు అన్నాడు రొమేరో. కానీ ఆ ఏడాది ఏప్రిల్లోనే మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. అక్టోబరులో ఈ సినిమా వచ్చింది. తీసినవాడు అనుకున్నా అనుకోకపోయినా, చూసినవాళ్ల బతుకు దానికి అర్థం పెట్టింది.

2017లో జోర్డాన్ పీల్ అనే నల్లజాతి దర్శకుడు 'గెట్ అవుట్' తీశాడు. క్రిస్ అనే నల్ల కుర్రాడు తెల్లపిల్ల ఇంటికి చుట్టపుచూపుగా పోతాడు. మర్యాదలన్నీ చేస్తారు. పిల్ల తల్లి టీకప్పులో చెంచా తిప్పుతూ అతన్ని మత్తులోకి దింపుతుంది. చీకటి గుంతలో పడిపోతాడు. అన్నీ కనపడతాయి గానీ అరిస్తే గొంతు బయటకు రాదు. వాళ్లకు కావాల్సింది అతని ఒళ్లు, మనిషి అక్కర్లేదు. మన ఒంటి కష్టం కావాలి, మనం మాత్రం ఊరి బయట ఉండాలి అనేవాళ్లను మనం ఎరగమా?

అతన్ని కుర్చీకి కట్టేస్తారు. కుర్చీ చేతిని గీకి, లోపలి దూది పీకి చెవుల్లో పెట్టుకుంటాడు. మంత్రం పారదు. అతని పూర్వీకులు బానిసలుగా ఏరింది పత్తే గదా! గుర్తు అంటే అదీ. అయితే ప్రతి నల్లపిల్లీ గుర్తు కాదు. కథలో దానికి ఆధారం ఉండాలి.

చివర్లో రోడ్డు మీద చుట్టూ శవాలు. ఎర్ర, నీలం లైట్ల కారొస్తుంది. క్రిస్ చేతులెత్తేస్తాడు. తప్పు చేయనివాడు చేతులెందుకెత్తాలి? హాల్లో జనం ఊపిరి బిగబట్టింది అక్కడే. దిగింది అతని దోస్తు. పీల్ మొదట తీసిన ముగింపులో దిగేది పోలీసులే. క్రిస్ జైలుకు పోతాడు. జనానికి కాస్త ఊపిరి కావాలని తర్వాత మార్చాడు.

సినిమా కారు దగ్గరే ఆగిపోయింది. రేపు కోర్టు క్రిస్ మాట నమ్ముతుందా? చెప్పలేదు. ఆ తర్వాతి రీలు మనకు తెలుసు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. 2007లోనే 'శుభం' అనుకున్నవాళ్లం మోసపోయాం.

కాబట్టి ఏ సినిమా చూసినా మూడు ప్రశ్నలు అడగండి. ఎవరి గొంతు వినపడలేదు? చివరికి ఎవరు చచ్చారు? వచ్చిన కారు ఎవరిది? సినిమాలో దోస్తు కారు దానంతటదే వచ్చింది. మన దగ్గర అది రావాలంటే సంఘం ముందే కట్టి ఉండాలి.

జై భీమ్!