ఊ కొడితే అర్థమైనట్టేనా?

విదేశాలకి వెళ్ళినప్పుడు భాష రాని చోట ఎలా నెట్టుకురావాలని చాలామంది అడుగుతున్నారు. ఫోన్లో ఏ యాప్ పెట్టుకోవాలన్నదే ఎక్కువమంది ప్రశ్న. యాప్ సంగతి చివర్లో చెప్తాను. ముందు మిమ్మల్ని కొయ్యూరు తీసుకెళ్తాను. ఎందుకంటే ఈ పాఠం నేను నేర్చుకున్నది విమానం ఎక్కి కాదు, నర్సీపట్నంలో బస్సెక్కి.

కొయ్యూరు అంటే అల్లూరి సీతారామరాజు జిల్లా, మన్యం. 15 ఏళ్ళ కిందట వానాకాలంలో, వాంతులు విరేచనాలు ఎక్కువగా ఉన్నాయంటే, ఓఆర్ఎస్ పొట్లాలు పంచడానికి మేం నలుగురం వెళ్ళాం. రోడ్డు వదిలేసి కొండెక్కితే ఒక చిన్న ఊరు. అక్కడ ఇళ్ళల్లో మాట్లాడుకునేది కువి భాష. ఒక తల్లి రెండేళ్ళ పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను తెలుగులో వివరంగా చెప్పాను. లీటరు నీళ్ళలో పొట్లం మొత్తం కలపాలి, కొంచెం కొంచెంగా పట్టాలి అని. ఆవిడ ప్రతి మాటకీ "ఊ" అంది. "అర్థమైందా అమ్మా?" అన్నాను. "ఊ" అంది. నేను సంతోషంగా కొండ దిగిపోయాను.

మర్నాడు వెళ్తే పాప ఇంకా నీరసపడిపోయి ఉంది. ఆశ్రమ పాఠశాలలో చదువుకునే ఒక అబ్బాయి మాతో ఉన్నాడు. కువి, తెలుగు రెండూ వచ్చు. వాడు నాలాగా "అర్థమైందా" అని అడగలేదు. "ఎలా కలిపావో చూపించు" అని వాళ్ళ భాషలో అడిగాడు. ఆవిడ టీ తాగే చిన్న గ్లాసు తీసి, అందులో నీళ్ళు పోసి, పొట్లం మొత్తం వేసేసింది. అంత చిక్కగా తాగిస్తే బిడ్డకి మేలు కాదు, కీడు జరుగుతుంది. గబగబా పాపని కిందికి, ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కోలుకుంది. అదృష్టం.

దిగేటప్పుడు ఆ అబ్బాయి అన్నాడు: "సార్, పెద్దవాళ్ళు చెప్తుంటే మావాళ్ళు మధ్యలో అడ్డం రారు. ఊ అంటారు. వింటున్నాం అని."

మనకి మాత్రం తెలీదా అండీ? చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెప్తుంటే ఊ కొట్టేవాళ్ళం. నిద్రలో కూడా కొట్టేవాళ్ళం! ఊ అంటే వింటున్నానని. అర్థమైందని కాదు. తప్పు ఆ తల్లిది కాదు, నాది.

ఇక విదేశం సంగతి. కొన్నేళ్ళకి వియత్నాం వెళ్ళాను. హనోయ్‌లో కడుపు పాడైంది. మందుల షాపులో ఒకావిడ ఏదో వివరంగా చెప్పింది. వాళ్ళ భాషలో ఒకే అక్షరాన్ని ఆరు స్వరాల్లో పలికితే ఆరు మాటలవుతాయి. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. అయినా ఏం చేశానో తెలుసా? తలూపాను. మళ్ళీ మళ్ళీ ఊపాను. మొహమాటం! ఆవిడ నన్ను నమ్మలేదు. కాగితం మీద సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసి, పక్కన ఒక్కో మాత్ర బొమ్మ వేసి, పెన్ను నా చేతికిచ్చి నన్ను చూపించమంది. చూపించాకే మందు ఇచ్చింది. ఆ క్షణంలో ఆ కొండమీది తల్లి నేనే.

ఇంకో చిత్రం. మన కొండల్లో సవరలు మాట్లాడే భాష, వియత్నాం భాష ఒకే ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానివి. కువి మాత్రం మన తెలుగుకి చుట్టమే, ద్రావిడ భాష. అంటే మనం విదేశం అనుకున్నది ఇంటి పక్కనే ఉంది, పరాయిది అనుకున్నది మన బంధువే.

ఆ సవర భాషని నేర్చుకున్నది ఎవరు? మన గిడుగు రామమూర్తి గారు. పర్లాకిమిడిలో పంతులు. సవరలు తెలుగు నేర్చుకుని రావాలని ఆయన కూర్చోలేదు. తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని, మాటా మాటా రాసుకుని, తనే నేర్చుకున్నారు. వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. 1931లో సవర భాషకి వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు తెచ్చారు. చదువుకున్నవాడే ముందుగా విద్యార్థి అయ్యాడన్నమాట.

కాబట్టి ప్రయాణానికి నేను చెప్పేది ఇంతే. యాప్ పెట్టుకోండి, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేలా ఆ భాషని ముందే దించుకోండి. మీకు పడని మందులు, తిండి అక్కడి భాషలో కాగితం మీద రాయించుకోండి. ధర అడిగితే అంకెలు రాసి చూపించండి. తల ఊపుడుని నమ్మకండి. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవునని అర్థం! అర్థం కాకపోతే ఊ కొట్టకండి, కాలేదని చెప్పండి. మీరు చెప్పేవాళ్ళయితే "అర్థమైందా?" అని అడగకండి. "ఏదీ, ఎలా చేస్తారో చూపించండి" అనండి.

ఇది విదేశానికే కాదు. రేపు మీ ఇంట్లో పెద్దవాళ్ళకి మాత్రలు ఇచ్చేటప్పుడు కూడా ఒకసారి అడిగి చూడండి.