సెకనులో నూరోవంతు

2018లో దక్షిణ కొరియా ఒలింపిక్స్‌లో చెక్ యువతి ఎస్తెర్ లెడెట్స్కా మంచువాలు మీద స్కీలతో జారి, సెకనులో నూరోవంతు తేడాతో సూపర్-జి స్వర్ణం గెలిచింది. గడియారం పొరబడిందేమోనని బిత్తరపోయి నిలబడింది, పాపం! వారం తిరిగేసరికి స్నోబోర్డు మీదా స్వర్ణమే.

గడియారం ఎవరు గెలిచారో చెబుతుంది గాని, ఏ మలుపులో కలిసొచ్చిందో చెప్పదు కదా! అందుకే ఇప్పుడు సాధనలో బూటుకో నడుముకో అగ్గిపెట్టెంత మోషన్ సెన్సర్ తగిలిస్తున్నారు. వేగం మారడాన్నీ, ఒళ్ళు తిరగడాన్నీ అది క్షణక్షణం రాసిపెట్టుకుంటుంది. దూకి దిగినప్పుడు ఎంత అదురు తగిలిందో కూడా.

నాకు ముఖ్యంగా తోచేది మోకాలి సంగతి. ఈ ఆటలో మోకాటి లిగమెంటు తెగడం మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువ. దెబ్బతిన్న కాలిని మనిషి తనకు తెలియకుండానే కాచుకుంటుంది; కుడి మలుపునీ ఎడమ మలుపునీ పోల్చి చూస్తే ఒక్కోసారి ఆ గుట్టు బయటపడుతుంది.